పగ్గాలు లేని బండి: అలాస్కాలో కుక్కలతో ఒక చలికాలం

మొదటిసారి స్లెడ్, అంటే మంచు మీద జారే బండి, వెనక నిలబడ్డ రోజు నా చేతులు పగ్గాల కోసం వెతికాయి. ముందు ఆరు కుక్కలు, వాటన్నిటినీ కలిపే ఒక పొడవాటి మోకు, నా కాళ్ల కింద రెండు సన్నటి రన్నర్లు (మంచు మీద జారే పట్టాలు), పట్టుకోవడానికి ఒక కొయ్య హ్యాండిల్. అంతకు మించి ఏమీ లేదు. కుక్కల మూతి దగ్గర్నుంచో మెడ దగ్గర్నుంచో నా చేతి దాకా వచ్చే తాడు ఒక్కటీ లేదు. చిన్నప్పుడు మా తాత పక్కన ఎడ్లబండి మీద కూర్చుని తిరిగిన నాకు, పగ్గాలు లేకుండా బండి తోలడమేంటో అర్థం కాలేదు.

"మరి వీటిని తిప్పడం ఎలా?" అని అడిగాను.

"నోటితోనే," అన్నారు కెన్నెల్ (కుక్కల్ని పెంచే చోటు) యజమాని. "అది కూడా ఆరింటికీ చెప్పక్కర్లేదు. ముందున్నదానికి చెప్తే చాలు. నీ మాట మీద దానికి నమ్మకం ఉంటే తిరుగుతుంది."

పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల గురించి చదువుకోవడానికి నేను అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వచ్చాను. మాది జనగామ వైపు పల్లె. ఇక్కడ డిసెంబర్ చివర్లో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. మొదటి చలికాలమంతా గదిలో ముడుచుకుని గడిపాను, మనసు బాగా కుంగిపోయింది. రెండో ఏడు కూడా అలా కాకూడదనుకున్నాను. యూనివర్సిటీలో పరిచయమైన ఒకావిడ తన కెన్నెల్‌లో శని, ఆదివారాలు పనికి మనిషి కావాలంటే వెంటనే ఒప్పుకున్నాను. జీతం లేదు. పనికి బదులు మషింగ్ నేర్పిస్తారు. స్లెడ్ తోలేవాళ్లను ఇక్కడ మషర్ అంటారు, వాళ్లకు సాయం చేసేవాళ్లను హ్యాండ్లర్ అంటారు.

సెప్టెంబర్‌లో చేరాను. మంచు ఇంకా పడలేదు కాబట్టి కుక్కల్ని నాలుగు చక్రాల బండికి కట్టి మట్టిరోడ్ల మీద పరుగెత్తించేవాళ్లు. మొదటి నెల నాకు ఆ పని కూడా ఇవ్వలేదు. 38 కుక్కల పెంట ఎత్తడం, చెక్క గూళ్లలో గడ్డి పరవడం, నీళ్లు కాచడం, ఇవే నా పనులు. చలిలో కుక్కలు ఉట్టి నీళ్లు సరిగ్గా తాగవు. గోరువెచ్చటి నీళ్లలో మాంసం ముక్కలు, కొవ్వు కలిపి చారులా పోస్తే ఆ వాసనకు గటగటా తాగేస్తాయి. దూరపు రేసుల్లో పరుగెత్తే కుక్కకు రోజుకు 10,000 క్యాలరీల దాకా కావాలి. అదీ 25 కిలోలు కూడా ఉండని జంతువుకు.

చూడటానికి ఇవి మనం ఫోటోల్లో చూసే నీలికళ్ల సైబీరియన్ హస్కీల్లా ఉండవు. వీటిని అలాస్కన్ హస్కీలంటారు. రూపం కోసం పెంచిన జాతి కాదిది. బాగా పరుగెత్తేవాటిని, బాగా తినేవాటిని, పాదాలు గట్టిగా ఉన్నవాటిని తరతరాలుగా జత కలుపుతూ వచ్చారు. సన్నటి ఒళ్లు, పొడుగు కాళ్లు, తలో రంగు. మన వీధికుక్కల్లో కలిపేస్తే గుర్తుపట్టలేం.

ఈ కెన్నెల్‌లో ఒక్కో ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే వరసలో పేర్లు పెడతారు. ముసలివన్నీ మసాలా దినుసులు: క్లోవ్, పెప్పర్. కుర్రవన్నీ చెట్లు: బర్చ్, యాస్పెన్, విల్లో. వీటిలో లీడర్, అంటే అన్నిటికంటే ముందు పరుగెత్తేది, ఏదో చెప్పుకోమంటే నేను బర్చ్‌ను చూపించాను. అందరికంటే పెద్దది, ఛాతీ విరుచుకుని నడిచేది, దాన్ని చూస్తే మిగతావి పక్కకు తప్పుకునేవి. ఆవిడ తల అడ్డంగా ఊపి, గూట్లోంచి ముక్కు మాత్రమే బయటపెట్టి చూస్తున్న గోధుమరంగు ఆడకుక్కను చూపించారు. క్లోవ్. తొమ్మిదేళ్లు, 18 కిలోలు. గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడుతుంది. ముందు గిన్నె పెట్టినా, అటూ ఇటూ ఉన్నవి తినడం మొదలుపెట్టాకే తను తల వంచుతుంది. నా దగ్గరికి రావడానికి దానికి మూడు వారాలు పట్టింది.

గుంపును అదిలించి అదుపులో పెట్టేదే నాయకుడని నేనూ అనుకునేవాణ్ణి. "ఆల్ఫా" అనే మాట మనకు బాగా అలవాటైపోయింది కదా. ఒకదానికొకటి ఏమీ కాని తోడేళ్లను ఒక ఆవరణలో బంధించి చూసిన పరిశీలనల నుంచి పుట్టిన భావన అది. అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా ఒక తల్లి, తండ్రి, వాటి పిల్లలు. ఆ మాటకు ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన డేవిడ్ మెక్ 1999లో తనే ఆ పొరపాటును సరిదిద్దారు. ఇక స్లెడ్ విషయానికొస్తే, పెత్తనం చేసే కుక్కకూ ముందు పరుగెత్తే కుక్కకూ సంబంధమే లేదు. బర్చ్ స్థానం అన్నిటికంటే వెనక, స్లెడ్‌కు ఆనుకుని. అక్కడ పరుగెత్తేవాటిని వీల్ డాగ్స్ అంటారు. స్లెడ్ బరువు, కుదుపు ముందు తగిలేది వాటికే. మలుపు దగ్గర అవి తొందరపడి ముందే లోపలికి తిరిగాయంటే స్లెడ్ చెట్టుకు గుద్దుకుంటుంది. అందుకే ఆ చోటుకు బలంతో పాటు నిదానం కావాలి. లీడర్ల వెనకున్న జత స్వింగ్ డాగ్స్, మలుపులో మిగతా వరసను తిప్పుకొచ్చేవి. మధ్యలో ఉన్నవాటికి టీమ్ డాగ్స్ అనే పేరు తప్ప వేరే హోదా లేదు, కానీ దూరం లాగేది అవే.

క్లోవ్ ఏంటో నాకు తెలిసింది పరుగులో కాదు, బండి కట్టేటప్పుడు. అది చెప్పాలి.

స్లెడ్‌ను ముందు ఒక గుంజకు కట్టేస్తాం. మోకు మంచు మీద చాపుతాం. అన్నిటికంటే ముందు తీసుకొచ్చి కట్టేది లీడర్‌ను. కట్టి "లైన్ అవుట్" అంటాం. అంటే ముందుకు తిరిగి, మోకును బిగువుగా లాగిపట్టి నిలబడమని. తర్వాత ఒక్కోటీ తెచ్చి వెనక కడుతుంటే ఆ గోల మాటల్లో చెప్పలేను. పరుగుకు వెళ్తున్నామని తెలిసి ఎగురుతాయి, ఊళలు పెడతాయి, తాళ్లు కొరుకుతాయి. పక్క మనిషి మాట వినపడక చేతులతో సైగలు చేసుకుంటాం. గూళ్ల దగ్గర మిగిలిపోయినవి మమ్మల్నీ తీసుకెళ్లమని ఏడుస్తాయి. అంత గోలలో క్లోవ్ అందరికీ వీపు పెట్టి, వెనక కాళ్లు మంచులో దిగేసి, భుజాలు ముందుకు వాల్చి నిలబడుతుంది. చెవులు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయి. ఒక చెవి కొస వంగి ఉంటుంది, దాని మీద ఊపిరి గడ్డకట్టి తెల్లటి నూగు పట్టి ఉంటుంది. పది నిమిషాలు అలాగే. దాన్ని ఎవరూ పట్టుకోరు. అది ఒక్కసారి వెనక్కి తిరిగి వచ్చిందంటే మోకు వదులైపోతుంది, క్షణాల్లో కాళ్లకూ మెడలకూ తాళ్లు చుట్టుకుంటాయి. మనకు కనిపించేది కదలకుండా నిలబడ్డ ఒక చిన్న కుక్క. మోకు మీద చెయ్యి వేసి చూశాను ఒకసారి. వీణ తీగలా బిగుసుకుని సన్నగా అదురుతోంది.

గుంజకున్న ముడి లాగేసిన మరుక్షణం అరుపులన్నీ ఆగిపోతాయి. రన్నర్ల కింద మంచు ఒరుసుకునే శబ్దం, కాళ్ల చప్పుడు, ఊపిర్లు, అంతే వినిపిస్తాయి. ఆ నిశ్శబ్దం కోసమే కాబోలు చాలామంది జన్మంతా ఈ పనిలో ఉండిపోతారు.

కుడికి "జీ", ఎడమకు "హా". ఇవి కుక్కల కోసం పుట్టిన మాటలు కావు. ఇంగ్లిష్ మాట్లాడే రైతులు నాగలికి కట్టిన ఎద్దులను, గుర్రాలను తిప్పడానికి వాడుకున్నవి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా ఆనందమేసింది. మా తాత ఎలపటెద్దు, దాపటెద్దు అనేవాడు. కాడికి కుడివైపు కట్టేది ఎలపట, ఎడమవైపుది దాపట. వాటి పక్కలు మార్చి కడితే సరిగ్గా నడిచేవి కావు. ఇక్కడా అంతే, క్లోవ్‌ను ఎడమవైపు కడితే మెడ వంకరగా పెట్టి పరుగెత్తుతుంది. వీడియో కాల్‌లో నాన్నకు టీమ్‌ను చూపిస్తే, కుక్కల్నేంది, మంచేంది అనలేదు. "ఎలపట దేన్ని కట్టిన్రు?" అని అడిగాడు.

నవంబర్‌లో చిన్న చిన్న రౌండ్లు తోలడం వచ్చింది. బూటీలు తొడగడం మాత్రం చాలా రోజులు ఏడిపించింది. పాదాల వేళ్ల మధ్య మంచు ఉండలు కట్టకుండా, చర్మం కోసుకుపోకుండా ప్రతి కాలికీ గుడ్డ బూటీ తొడగాలి. పట్టీ వదులైతే ఊడిపోతుంది, బిగువైతే రక్తం ఆడదు. మైనస్ 30లో గ్లోవ్స్ తీసి ఆరు కుక్కలకు 24 బూటీలు వేయాలి. మనిషి చేతులు తిమ్మిరెక్కి పోతుంటే, క్లోవ్ ఒక్కో కాలూ తనే ఎత్తి ఇచ్చేది.

డిసెంబర్‌లో ఒక రోజు టానానా నది మీద వెళ్తున్నాం. నేను ముందు, ఆవిడ తన ఎనిమిది కుక్కలతో వెనక. రెండు వారాలుగా ఒకే చోట కుడికి తిరిగి పాయ దాటుతున్నాం. ఆ రోజు "జీ" అన్నాను. క్లోవ్ తిరగలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి గట్టిగా అరిచాను. అది నడక ఆపేసి, తోక కిందికి దించి, బరువంతా వెనక కాళ్ల మీద వేసుకుని నిలబడిపోయింది. నాకు కోపం వచ్చింది. వెనకొచ్చి ఆగిన ఆవిడ నన్నేమీ అనకుండా ఒక కర్ర చేతికిచ్చారు. "ముందు పోయి చూసి రా. అరవాలంటే తర్వాత అరుద్దువు."

స్లెడ్‌ను ఆపి ఉంచే కొక్కెం, స్నో హుక్, మంచులోకి దిగేలా తొక్కి, దిగి వెళ్లి, ట్రెయిల్ మీద తెల్లగా నున్నగా ఉన్న మంచులో కర్ర గుచ్చాను. బూడిదరంగు నీళ్లు పైకొచ్చాయి. దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. పైన పడ్డ మంచు బరువుకు నది మీది ఐస్ కుంగుతుంది, అడుగునున్న నీళ్లు పగుళ్లలోంచి పైకి తన్నుకొస్తాయి. వాటి మీద మళ్లీ మంచు దుప్పటిలా కప్పడంతో అంత చలిలోనూ నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. అందులో కాళ్లు తడిస్తే, ఆ చలికి, ఇంటికి చేరేలోపు వేళ్లు పోవచ్చు. నావే కాదు, కుక్కలవి కూడా. నేను వెనక్కి వచ్చేసరికి క్లోవ్ నా వైపు చూడట్లేదు. ఎడమవైపు గట్టు మీదికి చూస్తోంది. "హా" అన్నాను. అప్పటికే బయల్దేరింది.

ఆ తర్వాత నేను క్లోవ్‌ను గుడ్డిగా నమ్మడం మొదలుపెట్టాను. అదీ తప్పేనని వారం తిరక్కముందే తెలిసింది. అడవిలో ఒక చీలిక దగ్గర అది మళ్లీ నా మాట వినలేదు. నేను భక్తిగా దిగి మంచంతా గుచ్చి చూశాను. ఏమీ లేదు. "అది ఇంటికి పోదామంటోంది," అన్నారు ఆవిడ. "మోకు చూడు. ఇంటి దారి వైపు బిగువుగా లాగుతోంది. చెవులు నిటారుగా ఉన్నాయి. ఆ రోజు మోకు వదులైంది, గుర్తుందా? భయపడ్డప్పుడు వెనక్కి తగ్గుతుంది. ఇప్పుడు నీతో బేరమాడుతోంది. ఈసారి నీ మాటే నెగ్గాలి, లేకపోతే రేపట్నుంచి ప్రతి చీలిక దగ్గరా బేరమే." మెల్లగా, గొంతు మార్చకుండా మళ్లీ చెప్పాను. రెండు క్షణాలు ఆగి తిరిగింది. మాట వినకపోవడంలో రెండు రకాలున్నాయని, వాటిని వెనక నిలబడి చెవులూ తోకా మోకూ చూసి పోల్చుకోవాలని అప్పుడు తెలిసింది. ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇక విల్లో సంగతి. ఇది రాయడానికి కష్టంగా ఉంది.

జనవరిలో క్లోవ్ ముందుకాలు బెణికి రెండు వారాలు రెస్ట్‌లో పడింది. విల్లోకు రెండేళ్లు, మెరుపులా పరుగెత్తేది, ముందు ఉండటమంటే ప్రాణం. దాన్ని ఒంటరిగా లీడ్‌లో పెడదామని నేనే పట్టుబట్టాను. ఆవిడ మనసొప్పకపోయినా చిన్న రౌండ్‌కే ఒప్పుకున్నారు. గడ్డకట్టిన చెరువు మీదికి వచ్చేసరికి ఎదురుగాలి. ట్రెయిల్ మొత్తం పూడిపోయింది. విల్లో వేగం తగ్గించి, తల ఇటూ అటూ తిప్పి, నా గొంతు కోసం ఆగింది. నాకు టెన్షన్ పెరిగిపోయింది. "జీ" అన్నాను, కాదనిపించి "హా" అన్నాను, మళ్లీ "జీ" అన్నాను. అది గిర్రున వెనక్కి తిరిగి నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. దాని వెనకే అన్నీ తిరిగాయి. నిమిషంలో ఆరు కుక్కలూ ఒక ముద్ద అయిపోయాయి. బర్చ్ కాలికి మోకు చుట్టుకుని కేకలు పెడుతుంటే ఒక తాడు కోయాల్సి వచ్చింది. పక్కనున్న రెండు కరుచుకున్నాయి. ఆ కంగారులో విల్లో మెడపట్టీ పట్టుకుని ఈడ్చి, దాని మొహంలో మొహం పెట్టి అరిచాను.

మర్నాడు హార్నెస్ (లాగడానికి కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) తీసుకుని వెళ్తే అది గూట్లోంచి బయటికి రాలేదు. గడ్డిలో పొట్ట ఆనించి పడుకుని పక్కకు చూసింది. అప్పటిదాకా హార్నెస్ కనపడితే గూడెక్కి గంతులేసిన కుక్క అది.

ఆవిడ తిట్టలేదు. "ముందున్నదానికి చూసి నడవడానికి ఇంకో కుక్క వీపు ఉండదు. తెల్లటి మైదానం, వెనక నుంచి ఒక గొంతు, దానికున్నది అంతే. ఆ గొంతే తికమకపడితే అదేం చేస్తుంది? నీ దగ్గరికి రావడమే కదా దానికి తెలిసిన మంచిపని," అన్నారు. నాకు మా ఊరి బావి గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఎక్కువ తోడేస్తే అడుగున బురదే మిగిలేది. ఊట నీరు మళ్లీ చేరేదాకా ఎవరూ తొందరపెట్టగలిగేది లేదు.

ఆ నెలలోనే కారులో గంట ప్రయాణం చేసి నెనానా వెళ్లాను. 1925 జనవరిలో నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వస్తే, మందు రైల్లో నెనానా దాకా వచ్చింది. అక్కణ్ణుంచి 674 మైళ్లు, సుమారు 1,085 కిలోమీటర్లు. 20 మంది మషర్లు, దాదాపు 150 కుక్కలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో విగ్రహం చివరి అంచె నడిపించిన బాల్టోది. అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగెత్తి, నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ మీది ప్రమాదకరమైన ఐస్ దాటించింది లియోన్‌హార్డ్ సెప్పాలా అనే మషర్ లీడర్ కుక్క టోగో, అప్పటికి దానికి 12 ఏళ్లు. ఇక్కడ మషర్లందరూ టోగో పేరే ముందు చెప్తారు. నా మనసు మాత్రం బాల్టో దగ్గర ఆగింది. అది సెప్పాలా కుక్కే. లీడర్‌గా పనికిరాదని ఆయన దాన్ని పక్కనపెట్టారు. గన్నర్ కాసెన్ అనే ఇంకొక మషర్ నమ్మి ముందు కట్టారు. కళ్లు కనపడని మంచుతుఫానులో అది దారి తప్పలేదు. అంతటి అనుభవజ్ఞుడే ఒక కుక్కను తక్కువ అంచనా వేయగలిగితే, ఒక్క చెడ్డ రోజును బట్టి విల్లో ఇక లీడర్ కాదని నేనెలా అనుకోగలను?

మళ్లీ మొదలుపెట్టాం. వారం రోజులు విల్లోకు హార్నెస్ చూపించలేదు. ఊరికే వెళ్లి గూటి పక్కన కూర్చునేవాణ్ణి. తర్వాత టీమ్ మధ్యలో, తర్వాత స్వింగ్‌లో. క్లోవ్ కాలు నయమయ్యాక దాని పక్కన లీడ్‌లో, అదీ ఇంటికొచ్చే దారిలో చివరి రెండు కిలోమీటర్లే. ఆవిడ ఒక చిట్కా చెప్పారు: అది ఎలాగూ తిరగబోతున్న మలుపు దగ్గర, తిరగడానికి అరక్షణం ముందు మాట చెప్పాలి. దానికి తను గెలిచినట్టు ఉంటుంది. ప్రతిసారీ అలసిపోకముందే ఆపేయాలి. అయిదు వారాలు పట్టింది.

మార్చిలో వెలుతురు తిరిగొచ్చింది. ఒక ఆదివారం విల్లోను ఒంటరిగా ముందు కట్టి, క్లోవ్‌ను వెనక స్వింగ్‌లో కట్టాం. "లైన్ అవుట్" అంటే విల్లో నిలబడింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి, కానీ తిరగలేదు. నేను కావాలనే నెమ్మదిగా బూటీలు వేశాను.

పాయ దగ్గర "జీ" అన్నాను. ముందు కదిలింది క్లోవ్ వంగిన చెవి. భుజం కుడికి వాల్చింది, కానీ ముందున్నదాన్ని తోయలేదు, ఆగింది. అరక్షణం తర్వాత విల్లో తిరిగింది. చెరువు మీద మళ్లీ అదే గాలి, మళ్లీ పూడిపోయిన ట్రెయిల్. విల్లో వేగం తగ్గించింది. తల తిప్పింది. నా నోటిదాకా మాట వచ్చింది, మింగేశాను. పై మంచు కింద గట్టిగా తొక్కిన దారి ఉంటుంది, అది మనకు కనపడదు, కుక్క పాదానికి తెలుస్తుంది. విల్లో రెండడుగులు ఎడమకు వేసింది, మెత్తటి మంచులో కూరుకుంది, వెనక్కి సరిచేసుకుని కుడికి వచ్చింది. అక్కడ గట్టిగా తగిలింది కాబోలు, మోకు ఒక్కసారి బిగిసింది.

"గుడ్ డాగ్," అన్నాను, వీలైనంత మెల్లగా. రెండు చెవులూ వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు వెళ్లాయి.

తిరిగొచ్చాక బూటీలు విప్పి చారు పోశాను, ఆ రోజు మొదట విల్లో గిన్నెలో. మూతి ఎత్తకుండా తాగేసింది. క్లోవ్ గిన్నెలో ఆవిర్లు వస్తున్నాయి. అది అటు బర్చ్‌ను, ఇటు విల్లోను చూసి, అవి తాగుతున్నాయని తేలాక తల వంచింది.